రేవులో చూపు మర్యాద

కోనసీమలో ఏ కాలవగట్టు వెంట నడిచినా పొద్దున్నపూట కనిపించేది ఇదే. ఆడవాళ్ళ రేవులో నలుగురైదుగురు లంగాలు గుండెల మీదికి బిగించి కట్టుకుని మునకలు వేస్తుంటారు. పైమెట్టు మీద ఒకామె పొడిచీర చుట్టుకుంటూనే లోపలి తడిబట్ట జారవిడుస్తుంది. ఆ మార్పిడిలో అంగుళం ఒళ్ళు కనపడదు. దిగువన మగవాళ్ళ రేవులో తువ్వాళ్ళు, గోచీలు, చెడ్డీలు. లాకుల దగ్గర ఏడెనిమిదేళ్ళ మగపిల్లలు దిసమొలతో నీళ్ళలోకి దూకుతారు. ఆడవాళ్ళ రేవు దగ్గరపడగానే సైకిలు మీద పోయేవాడు బెల్లు కొడతాడు. నడిచిపోయే పెద్దాయన ఓసారి దగ్గి, మొహం పొలం వైపు తిప్పుకుని దాటిపోతాడు. నీళ్ళలో ఉన్నవాళ్ళు మాటలు ఆపరు.

ఇంతమంది ఇంత తక్కువ బట్టలతో, నలుగురూ తిరిగే దారి పక్కనే ఉన్నా ఊళ్ళో ఎవరూ దాన్ని సిగ్గుమాలిన పని అనరు. అదే మనిషి అదే లంగాతో వీధి గుమ్మంలోకి వస్తే మాత్రం అంటారు. ఒళ్ళు మారలేదు, బట్ట మారలేదు. చోటు మారింది. ఆ చోటికి ఊరంతా కలిసి పెట్టుకున్న చూపు కట్టుబాటు మారింది. కామంతో పనిలేని నగ్నత, నలుగురూ కలిసి బట్టల్లేకుండా లేదా అతి తక్కువ బట్టలతో ఉండడం అనే విషయం ఫిన్లండ్ ఆవిరిగదుల్లోనూ జపాన్ వేడినీటి స్నానశాలల్లోనూ జర్మనీ చెరువుగట్ల మీదా లక్షలమందికి మామూలు సంగతి. మనవాళ్ళలో చాలామందికి అది వినగానే చిరాకో నవ్వో వస్తుంది. కానీ దాని వెనక ఉన్న ఆలోచన డెల్టావాళ్ళకు కొత్తది కాదు. రేవు దగ్గర పుట్టి పెరిగినవాళ్ళకు అది చిన్నప్పటి నుంచీ తెలుసు.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలవలు ఊళ్ళ మధ్య నుంచి పారడం మొదలయ్యాక, రేవు అనేది గోదారి ఒడ్డు ఊళ్ళకే కాక డెల్టా లోపలి ఊళ్ళకూ చేరింది. తాగునీటి రేవు, ఆడవాళ్ళ రేవు, మగవాళ్ళ రేవు, గొడ్ల రేవు, చాకిరేవు అని విడివిడిగా ఏర్పడ్డాయి. కులాన్ని బట్టి కూడా రేవులు విడిపోయాయి. ఆ సంగతి దాచి రేవు గురించి ముచ్చటగా రాయడం తప్పు. దళితుల పేటలో ఆడవాళ్ళు స్నానం చేసే చోట పైకులం మగవాడు కూడా అలాగే దగ్గి, అలాగే మొహం తిప్పుకున్నాడా అని అడిగితే చాలా ఊళ్ళలో వచ్చే జవాబు మంచిది కాదు. ఒకరి ఒంటికి దక్కిన మర్యాద ఇంకొకరి ఒంటికి దక్కలేదు. పొలంలో నడుం వంచి నాట్లు వేసే మనిషి బట్ట ఎంత పైకి చెక్కుకోవాలో ఆ పని నిర్ణయిస్తుంది. చూసేవాడి కన్ను మాత్రం అతని పెంపకాన్ని బట్టి, అతను పుట్టిన వీధిని బట్టి పనిచేస్తుంది.

రేవుకు ఎవరూ రాయని నియమాలు చాలానే ఉన్నాయి. వచ్చేముందు చప్పుడు చెయ్యాలి. నీళ్ళలో ఉన్నవాళ్ళను గట్టు మీది మగవాళ్ళు పలకరించకూడదు, ఎంత దగ్గరి చుట్టమైనా సరే. పిన్ని అయినా వదిన అయినా రేవు దాటి ఇంటికి వచ్చాకే మాట. కంటపడినా చూడనట్టే ఉండాలి. ఊరి కబుర్లన్నీ రేవులో దొర్లుతాయి, కానీ పక్కామె ఒంటి మీద కనిపించినదాన్ని ఊళ్ళోకి మోసుకెళ్ళడం నీచం కింద లెక్క. మొగుడు కొట్టిన దెబ్బల తాలూకు వాతలు మొదట బయటపడేది రేవులోనే. అడగాల్సిన పెద్దామె పక్కకు పిలిచి అడుగుతుంది. ఆడవాళ్ళ మధ్య ఆ మాత్రం ఒళ్ళు దాచుకోనక్కర్లేని చోటు ఉండడం వల్ల కొన్ని కాపురాల్లో జరుగుతున్నది కనీసం ఒక్క మనిషికైనా తెలిసేది.

శాస్త్రం దగ్గరికి వస్తే మన సంప్రదాయం రెండు మాటలు ఒకేసారి చెబుతుంది. తలుపు గడియ వేసుకున్న బాత్‌రూమ్‌లో కూడా ఒంటి మీద నూలుపోగు లేకుండా నీళ్ళు పోసుకోకూడదనే పెద్దలు డెల్టాలో ఇప్పటికీ ఉన్నారు. ఆ మాటకు మూలం మనుస్మృతి నాలుగో అధ్యాయంలో ఉంది: న నగ్నః స్నానమాచరేత్. భాగవతం దశమస్కంధంలో కాత్యాయనీ వ్రతం పట్టిన గోపికలు వలువలు గట్టున పెట్టి యమునలో దిగితే, వ్రతంలో ఉండి అలా చెయ్యడం అపరాధమని కృష్ణుడే అంటాడు. ఆ ఘట్టాన్ని పరమాత్మ ముందు జీవుడికి దాపరికం ఉండకూడదన్న అర్థంలో పెద్దలు వ్యాఖ్యానించారు. భక్తికి ఆ వ్యాఖ్యానం చెల్లుతుంది. రేవు గట్టు మీద నిలబడిన మగవాడికి అది అనుమతిపత్రం కాదు. ఆ కథను అడ్డం పెట్టుకుని ఆకతాయితనాన్ని లీల అని కొట్టిపారేసే అలవాటు మనవాళ్ళలో ఉంది, అది పోవాలి.

రెండో మాట దీనికి పూర్తిగా ఎదురు. బట్ట వదిలేసిన మనిషికి మన నేల చేతులెత్తి మొక్కింది. జైనంలో దిగంబర మునుల సంప్రదాయం ఉంది. ఆ జైనం ఒకప్పుడు డెల్టాలోనూ నిలిచిందనడానికి తాటిపాక, ఆర్యావటం లాంటి ఊళ్ళలో దొరికిన తీర్థంకర విగ్రహాలు సాక్ష్యం. వేమనను బట్టల్లేని యోగిగానే తెలుగువాళ్ళు బొమ్మ గీసుకున్నారు, ఆ బొమ్మను పిల్లల పుస్తకాల్లో వేసుకున్నారు, ఎవరికీ అభ్యంతరం కలగలేదు. పన్నెండో శతాబ్దపు కన్నడ కవయిత్రి అక్క మహాదేవి బట్టలు వదిలేసి, జుట్టే కప్పుగా శ్రీశైలం దాకా నడిచింది. బట్ట వదిలినదానివి జుట్టుతో ఎందుకు కప్పుకున్నావని వచన కవి అల్లమప్రభువు అడిగాడని వీరశైవ సంప్రదాయం చెబుతుంది. ఒంటి మీది కాముడి గుర్తులు చూసి మీ మనసు నొచ్చుతుందేమోనని కప్పుకున్నాను అన్నది ఆమె జవాబు. ఈ జవాబులో నగ్నత గురించిన మొత్తం చర్చ ఉంది. ఆమెకు తన ఒంటితో ఏ పేచీ లేదు. ఎదుటివాడి చూపుకు ఎంత బలం ఉందో ఆమెకు తెలుసు, ఆ బరువు తాను మోస్తున్నానని కూడా ఆమెకు తెలుసు. ఎనిమిది వందల ఏళ్ళ తర్వాత కూడా ఆ బరువు ఎక్కువగా ఆడవాళ్ళ మీదే ఉంది.

అయితే భక్తి పేరుతో బట్ట వదలడం ఎప్పుడూ సొంత ఇష్టమే అనుకోవడానికి లేదు. కర్ణాటకలోని చంద్రగుత్తిలో రేణుకాంబ గుడికి మొక్కు కింద నగ్నంగా నడిచే ఆచారం ఉండేది. నడిచినవాళ్ళలో ఎక్కువమంది దళిత, వెనకబడిన కులాల ఆడవాళ్ళు. 1986లో దాన్ని ఆపాలని వెళ్ళిన కార్యకర్తలకూ పోలీసులకూ భక్తులకూ గొడవ జరిగి, ఆ తర్వాత ప్రభుత్వం నిషేధించింది. అది విశ్వాసమా, కులం నేర్పిన లొంగుబాటా అన్న వాదన అప్పుడు నడిచింది, ఇప్పటికీ తేలలేదు. దాని పక్కనే ఇంకోటి ఉంది: పగ తీర్చుకోవడానికి ఆడమనిషి బట్టలు ఊడదీసి వీధిలో నడిపించడం. కురుసభలో ద్రౌపదికి జరగబోయిన అవమానం కథగానే మిగలలేదు. రేవులో స్నానం, మునీశ్వరుడి దిగంబరత్వం, నడివీధి అవమానం మూడింట్లోనూ ఉన్నది బట్టలేని ఒళ్ళే. ఎవరి ఇష్టంతో బట్ట తొలగింది, కాదనే వీలు ఉందా అన్న రెండు ప్రశ్నలు వేస్తే తప్ప వాటి మధ్య తేడా కనపడదు.

ఎంత బట్ట మర్యాద అన్న లెక్క కూడా స్థిరంగా ఏమీ లేదు. పోయిన శతాబ్దం మధ్య దాకా డెల్టా ఊళ్ళలో రవిక లేకుండా పైట కప్పుకునే ముసలమ్మలు, కూలిపనికి వెళ్ళే ఆడవాళ్ళు మామూలుగా కనిపించేవారు. నాగలి పట్టేవాడు, తాడెక్కి కల్లు గీసేవాడు, పడవలోంచి మునిగి గోదారి అడుగు నుంచి బకెట్లతో ఇసుక తీసేవాడు గోచీతోనే పనిచేశారు. చొక్కా, రవిక చదువుతో పాటు, ఉద్యోగంతో పాటు గౌరవానికి గుర్తులుగా వచ్చాయి. కింది కులాలకు ఒంటినిండా బట్ట కట్టుకోవడం పోరాడి తెచ్చుకున్న హక్కు కూడా. గాంధీ 1921 సెప్టెంబరులో మధురైలో చొక్కా, ధోవతి వదిలి కొల్లాయిగుడ్డకు మారినప్పుడు, పేదవాడి ఒంటిని దేశం ముందు నిలబెట్టాడు. ఒకరికి బట్ట తొడుక్కోవడం విముక్తి అయితే ఇంకొకరికి విప్పడం విముక్తి అయింది. ఈ చరిత్ర తెలియకుండా నగ్నత స్వేచ్ఛ అనీ బట్ట బానిసత్వం అనీ తేల్చేసే మాటలు మన దగ్గర అతకవు.

ఐరోపాలో నగ్న సహవాసం ఉద్యమంగా మారింది పందొమ్మిదో శతాబ్దం చివర్లో. జర్మనీ నగరాల్లో ఫ్యాక్టరీల పొగ, చీకటి గదులు, క్షయరోగం, దానికి తోడు మెడ దాకా గుండీలు బిగించే దుస్తులు. ఎండ, గాలి ఒంటికి నేరుగా తగలాలన్న ఆరోగ్య వాదం అక్కడ బలపడింది. విచిత్రంగా, ఇలాంటి సంఘాల్లో మొట్టమొదటిదిగా చెప్పుకునేది మన దేశంలోనే పుట్టింది. 1891లో బొంబాయి దగ్గర ఠాణే పట్టణంలో చార్లెస్ క్రాఫర్డ్ అనే ఆంగ్లేయ జిల్లా జడ్జి ఇంకో ఇద్దరితో కలిసి దాన్ని నడిపాడు. వాళ్ళిద్దరూ ఒక మిషనరీ కొడుకులు. ఆయనకు బదిలీ కాగానే సంఘం ఆగిపోయింది. గోచీతో పొలంలో తిరిగేవాడికి అలాంటి సంఘం అవసరమే లేదు. బిగుతు కాలర్లలో పెరిగినవాడికి మాత్రం అది ఊపిరి తీసుకోవడం.

1950లో ఫ్రాన్స్‌లోని మోంతాలివేలో సముద్రం పక్కన కుటుంబాల కోసం పెద్ద విడిది వెలిసింది. 1953లో అక్కడే ఇలాంటి సంఘాల అంతర్జాతీయ సమాఖ్య ఏర్పడింది. 1974లో ఆగ్ద్ పట్టణంలో జరిగిన సమావేశంలో ఆ సమాఖ్య ఇచ్చుకున్న నిర్వచనం ప్రకారం నగ్న సహవాసం ప్రకృతితో కలిసి బతికే పద్ధతి. ఆత్మగౌరవం, ఎదుటి మనిషి మీద గౌరవం, పర్యావరణం మీద గౌరవం పెంచే ఉద్దేశంతో కలిసి నగ్నంగా ఉండడం. నమ్మాలో వద్దో అన్న సంగతి పక్కన పెడితే, వాళ్ళు ఆ మాటకు కట్టుబడడానికి పెట్టుకున్న నియమాలు చూస్తే మనకు రేవే గుర్తొస్తుంది.

మొదటి నియమం తువ్వాలు. కుర్చీ మీదైనా బల్ల మీదైనా తువ్వాలు పరుచుకునే కూర్చోవాలి. పరిశుభ్రత దాని మొదటి కారణం, కానీ అదొక్కటే కాదు. నా ఒంటి బాధ్యత నాది, నీ మీద పడెయ్యను అని చెప్పకనే చెప్పడం. రెండోది కెమెరా. ఫోన్ బయటికి తీస్తే బయటికి పంపేసే చోట్లు ఉన్నాయి. తర్వాతది చూపు. కళ్ళు మూసుకోమని ఎవరూ అనరు, ఎదుటివాళ్ళ మొహం చూసి మాట్లాడమంటారు. ఒంటి మీద వ్యాఖ్య చెయ్యకూడదు. పొగడ్త కూడా వ్యాఖ్యే. అడగకుండా తాకకూడదు. కామ చేష్టలకు ఏ మాత్రం చోటు లేదు, సొంత భార్యాభర్తలైనా సరే. మగవాళ్ళకు ఎప్పుడైనా ఒళ్ళు మాట వినకపోతే బోర్లా పడుకోవడమో తువ్వాలు కప్పుకోవడమో నీళ్ళలోకి దిగడమో చేస్తారు, పక్కవాళ్ళు పట్టించుకోరు. టెన్షన్ పడాల్సిన సంగతి కింద ఎవరూ చూడరు. కావాలని ప్రదర్శిస్తే మాత్రం మర్యాదగా గేటు చూపిస్తారు. ఎవరైనా బట్ట కట్టుకుని ఉంటానంటే చాలా చోట్ల ఉండనిస్తారు. బట్టలు కట్టుకుని వచ్చి ఊరికే నిలబడి చూడడం మాత్రం కుదరదు.

అక్కడ ఎవరికీ కోరిక ఉండదని ఆ ఉద్యమకారులు కొందరు చెప్పే మాట నిజం కాదు. కోరిక లేకపోతే ఇన్ని నియమాలు దేనికి? మనిషి ఎక్కడికి వెళ్ళినా కోరిక వెంట వస్తుంది. అక్కడ దానికి పని లేకుండా చేస్తారు, అంతే. రేవు గట్టు మీద దగ్గి మొహం తిప్పుకునే పెద్దాయన కూడా సన్యాసి కాడు. చూడకూడనిది ఉందని తెలుసు కాబట్టే తిప్పుకుంటాడు. చాలా క్లబ్బులు ఒంటరిగా వచ్చే మగవాళ్ళ సంఖ్యకు పరిమితి పెట్టడం చూసినా, సమస్య ఎటు నుంచి వస్తుందో వాళ్ళకూ తెలుసని అర్థమవుతుంది.

డెల్టా నుంచి చదువులకూ ఉద్యోగాలకూ వెళ్ళిన పిల్లలకు ఈ విషయం పుస్తకంలో సంగతి కాదు. ఆఫీసులో తోటివాళ్ళు ఆదివారం ఆవిరిస్నానానికి రమ్మని పిలుస్తారు. జర్మనీలో చాలా ఆవిరిగదుల్లో ఆడా మగా కలిసే ఉంటారు, ఈత దుస్తులతో లోపలికి రానివ్వరు. ముందు ఒళ్ళు కడుక్కోవాలి, కాళ్ళ కింద కూడా చెక్కకు చెమట తగలకుండా తువ్వాలు పరచాలి, గొంతు తగ్గించాలి. ఫిన్లండ్‌లో సుమారు 55 లక్షల జనాభాకు ముప్పై లక్షలకు పైగా ఆవిరిగదులు ఉన్నాయి. 2020లో యునెస్కో ఆ సంస్కృతిని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. అక్కడ కుటుంబమైతే కలిసి, బయటివాళ్ళు ఉంటే సాధారణంగా ఆడవాళ్ళు ముందు, మగవాళ్ళు తర్వాత. ఇంటి ఆవిరిగదికి పిలవడం అంటే మనింట్లో విస్తరి వేసి కూర్చోమనడం లాంటిది. జపాన్ స్నానశాలల్లో ఆడవాళ్ళకు, మగవాళ్ళకు తెరలు కట్టిన వేరువేరు గుమ్మాలు. చిన్న పీట మీద కూర్చుని సబ్బుతో కడుక్కుని, నురగంతా పోయాకే తొట్టిలో దిగాలి. చేతిలోని చిన్న గుడ్డ నీళ్ళకు తగలకూడదు, జుట్టు కూడా. నీళ్ళు అందరివీ కాబట్టి. కాలవ పైరేవులో తాగేనీళ్ళు ముంచుకుంటారని దిగువ రేవులోనే ఒళ్ళు తోముకునే మన పాత పద్ధతిలో ఉన్నదీ అదే బుద్ధి.

ఇష్టం లేకపోతే రాను అని చెప్పడానికి ఎక్కడా మొహమాటపడక్కర్లేదు. తువ్వాలు చుట్టుకుని కూర్చుంటానన్నా ఫిన్లండ్‌లో ఎవరూ తప్పుపట్టరు. వెళ్ళాక నవ్వడం, వచ్చాక వాట్సాప్‌లో ఎవరి ఒళ్ళు ఎలా ఉందో వర్ణించడం మాత్రం మర్యాద తప్పడమే. మనవాళ్ళలో కొందరు కుర్రాళ్ళు అక్కడి తీరాలకు చూడడానికే వెళ్ళి రీల్స్ పెడుతున్నారు. ఊళ్ళో ఆడవాళ్ళ రేవు దగ్గర నిలబడితే నాన్న ఏమనేవాడో అక్కడా అదే వర్తిస్తుందని వాళ్ళకు ఎవరైనా గట్టిగా చెప్పాలి.

బట్టలేని ఒంటికి కామంతో పనిలేదని తెలుసుకోవడానికి విదేశం దాకా, ఆ మాటకొస్తే రేవు దాకా కూడా వెళ్ళక్కర్లేదు. కాళ్ళు చాపుకుని, వాటి మీద మనవడిని బోర్లా పడుకోబెట్టి నీళ్ళుపోసే అమ్మమ్మ. బాలింతకు ఒళ్ళంతా నూనె పట్టించే పెద్దామె. భోగినాడు నలుగుపిండితో ఒళ్ళు రుద్దే అమ్మ. పక్షవాతంతో మంచాన పడిన తండ్రికి దుప్పటి మార్చే కొడుకు. ప్రతి ఇంట్లో ఒళ్ళు ఇంకొకరి చేతుల్లో పడే రోజులు ఉంటాయి. చివరిస్నానం కూడా ఇంకొకరే చేయిస్తారు. ఈ పనులకు కూడా మర్యాద ఉంది, అది చాలామంది తెలియకుండానే పాటిస్తారు. మంచంలో ఉన్న మనిషిని ఒక్కసారిగా బట్టల్లేకుండా చెయ్యరు. చెయ్యి తుడిచేటప్పుడు కాళ్ళ మీద దుప్పటి ఉంటుంది, కాళ్ళు తుడిచేటప్పుడు ఛాతీ మీద. ఇప్పుడు పక్కకు తిప్పుతున్నాను నాన్నా అని ముందు చెబుతారు. తలుపు ఓరగా వేస్తారు. పొలం సంగతో మనవరాలి చదువు సంగతో మాట్లాడుతూ చేతులు పని కానిస్తాయి. ముసలాయన మాట్లాడలేకపోయినా చెబుతారు. స్పృహలేని మనిషికి కూడా సిగ్గు ఉందనుకుని మసలుకోవడం కంటే పెద్ద సంస్కారం లేదు. ఆసుపత్రి వార్డుల్లో తెర లాగకుండా, పదిమంది చూస్తుండగా పేషెంటు బట్ట పైకెత్తడం చూసినప్పుడు, పెద్ద చదువుల్లో ఈ చిన్న పాఠం సరిగా ఎక్కలేదేమో అనిపిస్తుంది.

బాత్‌రూమ్‌లు ఇంటింటికీ వచ్చాక రేవుల్లో స్నానాలు తగ్గాయి. ఆడవాళ్ళ భద్రత దృష్టితో, నీటి కాలుష్యం దృష్టితో చూస్తే ఇది మంచి మార్పే. పోయింది కూడా ఒకటి ఉంది. రేవులో పెరిగిన ఆడపిల్లకు కాన్పు తర్వాత పొట్ట ఎలా ఉంటుందో, ఆపరేషన్ గాటు ఎలా మానుతుందో, డెబ్బై ఏళ్ళ ఒళ్ళు ఎలా ముడతలు పడుతుందో తెలిసేది. ఇప్పటి పిల్లకు తన ఒళ్ళు తప్ప చూసేవన్నీ ఫోన్‌లో ఫిల్టర్ వేసిన ఒళ్ళే. వాటితో పోల్చుకుని నల్లగా ఉన్నాననో లావుగా ఉన్నాననో పదమూడేళ్ళకే కుమిలిపోతోంది. లండన్ విశ్వవిద్యాలయంలోని గోల్డ్‌స్మిత్స్ కాలేజీ మనస్తత్వ శాస్త్రవేత్త కియాన్ వెస్ట్ 2017లో వెలువరించిన పరిశోధనలో, నగ్న సహవాసంలో పాల్గొనే బ్రిటిష్ వారికి తమ ఒంటి మీద మంచి అభిప్రాయం, దానితో పాటు జీవితం మీద తృప్తి ఎక్కువగా ఉన్నాయని తేలింది. సొంత ఒళ్ళు కనపడడం కంటే, మామూలు మనుషుల బట్టలేని ఒళ్ళు చూడడం ముఖ్యమని ఆయన ఫలితాలు సూచించాయి. 2020లో కొందరిని బట్టలతో, కొందరిని బట్టల్లేకుండా కలిపి కూర్చోబెట్టి చేసిన ప్రయోగంలోనూ రెండో గుంపువారికి తమ ఒంటి మీద ఇష్టం పెరిగింది. ఎవరేమనుకుంటారో అన్న బెంగ తగ్గడమే దానికి కారణమని తేలింది. ఇవి బ్రిటన్ మనుషుల మీద చేసినవి, అమలాపురానికి నేరుగా వర్తింపజేయలేం. కానీ ఆడవాళ్ళ రేవు ఏ ఖర్చూ లేకుండా చేసిన పని ఏమిటో ఇవి చెబుతున్నాయి.

చట్టం సంగతి సూటిగా చెప్పుకోవాలి. మన దేశంలో చట్టం గుర్తించిన నగ్నతీరం ఏదీ లేదు. బహిరంగ ప్రదేశంలో ఇతరులకు ఇబ్బంది కలిగేలా అశ్లీల చేష్ట చేస్తే భారతీయ న్యాయ సంహిత 296వ సెక్షన్ కింద మూడు నెలల దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. అలాగని నగ్నత అంతా అశ్లీలం కాదని కోర్టులే చెప్పాయి. టెన్నిస్ ఆటగాడు బోరిస్ బెకర్ తన కాబోయే భార్యతో నగ్నంగా ఉన్న ఫోటో అచ్చేసిన కేసులో 2014లో సుప్రీంకోర్టు, బొమ్మను దాని సందర్భంలో, సమకాలీన సమాజ ప్రమాణాలతో చూడాలంది. ఆ ఫోటో వర్ణవివక్షకు వ్యతిరేకంగా తీసింది. తన ఛాతీ మీద పిల్లల చేత బొమ్మ వేయించుకున్న తల్లి మీద పెట్టిన కేసును 2023లో కేరళ హైకోర్టు కొట్టేస్తూ నగ్నతనూ కామాన్నీ ఒకటిగా చూడకూడదంది. ఈ తీర్పులు చూపించి ఓడలరేవు బీచ్‌లోనో అంతర్వేదిలోనో ఎవరైనా బట్టలు విప్పి తిరుగుతానంటే మాత్రం అది సబబు కాదు. అక్కడ వలలు ఆరేసుకునేవాళ్ళు, చేపల తట్టలు మోసే ఆడవాళ్ళు దానికి ఒప్పుకోలేదు. నగ్నంగా ఉండాలనుకునేవాడి స్వేచ్ఛ ఎంత గొప్పదో, చూడకుండా ఉండాలనుకునేవాళ్ళ హక్కూ అంతే గొప్పది.

చూసేవాడిని పట్టుకునే చట్టం ఇంతకంటే గట్టిది, అది జనానికి తెలిసింది తక్కువ. ఆడమనిషి ఏకాంతంగా ఉన్నప్పుడు దొంగచాటుగా చూసినా ఫోటో తీసినా న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద మొదటిసారికే ఏడాది నుంచి మూడేళ్ళ దాకా జైలు. లోదుస్తులతో ఉన్నా అది వర్తిస్తుంది. ఫోటోకు ఆమె ఒప్పుకున్నా, దాన్ని ఇంకొకరికి పంపడానికి ఒప్పుకోకపోతే పంపినవాడు నేరస్థుడే. ఐటీ చట్టం 66ఇ సెక్షన్ అయితే ఆడా మగా తేడా లేకుండా, అనుమతి లేకుండా మర్మాంగాల ఫోటో తీసినవాడికీ పంచినవాడికీ మూడేళ్ళ దాకా జైలు లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ అంటుంది. తలుపు లేని, పరదా మాత్రమే కట్టిన చోట స్నానం చేస్తున్న అమ్మాయిని తొంగిచూసిన కేసులో 2023లో ఢిల్లీ హైకోర్టు, తలుపు లేనంత మాత్రాన ఏకాంతం పోదంది. పుణ్యనదిలో మునిగే ఆడమనిషికి కూడా తన ఫోటోలు తియ్యరన్న నమ్మకం ఉంటుందనీ, దాన్ని వమ్ము చేసే హక్కు ఎవరికీ లేదనీ అదే తీర్పులో ఉంది.

ఈ మాట గోదావరి జిల్లాలకు తక్షణం అవసరం. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. 2015లో రాజమహేంద్రవరం ఘాట్లలో టీవీ కెమెరాలే ఎక్కువ. ఈసారి వచ్చే ప్రతి మనిషి చేతిలో కెమెరా ఉంటుంది, నెత్తిన డ్రోన్లు తిరుగుతాయి. 2025 ఫిబ్రవరిలో ప్రయాగ కుంభమేళాలో స్నానం చేస్తున్న ఆడవాళ్ళ వీడియోలు పెట్టి అమ్ముకుంటున్న సోషల్ మీడియా ఖాతాల మీద ఉత్తరప్రదేశ్ పోలీసులు కేసులు పెట్టాల్సి వచ్చింది. గట్టు మీద పెద్దాయన దగ్గి తల తిప్పుకోవడం ఒక ఊరివాళ్ళ మధ్య పనిచేసింది, ఎందుకంటే అందరికీ అందరూ తెలుసు. లక్షలమంది పరాయివాళ్ళు కలిసే చోట, చూపు పదినిమిషాల్లో ప్రపంచమంతా చేరే కాలంలో, దాని మీదే భారం వెయ్యలేం.

అందుకని ఘాట్ల దగ్గర చెయ్యాల్సినవి ఇప్పుడే అడగాలి. బట్టలు మార్చుకునే గదులకు నాలుగు రేకుల గోడలతో సరిపెట్టకుండా పైకప్పు కూడా వెయ్యాలి, డ్రోన్ పైనుంచి చూస్తుంది కాబట్టి. ఆ గదులు మెట్లకు పదడుగుల్లో ఉండాలి. రెండు వందల గజాల అవతల పెడితే తడిచీరతో జనం మధ్య నడవాల్సిందే, చాలామంది ఘాట్ మీదే మార్చేసుకుంటారు. ముసలివాళ్ళకు, పిల్లల తల్లులకు, చక్రాల కుర్చీలో వచ్చేవాళ్ళకు వెడల్పాటి గది కావాలి. వాళ్ళకు సాయం పట్టే మనిషి కూడా లోపల పట్టాలి. స్నానఘట్టం హద్దు లోపల ఫోన్ తియ్యకూడదన్న బోర్డు తెలుగులో పెద్ద అక్షరాలతో, సెక్షన్ నంబరుతో సహా పెట్టాలి. టీవీ ఛానళ్ళు లైవ్‌లో హారతి చూపించుకోవచ్చు, మునిగి లేచే మనిషిని దగ్గరగా చూపించక్కర్లేదు. మైకులో తప్పిపోయిన పిల్లల పేర్లు చదివే వాలంటీరే గంటకోసారి ఈ మాట కూడా చదవొచ్చు: ఎవరైనా మిమ్మల్ని వీడియో తీస్తున్నారనిపిస్తే పక్కనున్న మహిళా పోలీసుకు చెప్పండి, ఆ ఫోన్ అక్కడికక్కడే ఆపించే బాధ్యత వారిది.